తగవు ప్రాక్టికల్స్

శ్రీ వాగ్విలాస డిగ్రీ కళాశాలలో తగవులకు కరువొచ్చి పడింది.

నీళ్ళకి కరువొస్తే ట్యాంకరు తెప్పించుకోవచ్చు. లెక్చరర్లకి కరువొస్తే పక్క కాలేజీ నుంచి అరువు తెచ్చుకోవచ్చు. తగవులకి కరువొస్తే ఏం చేయాలో మాత్రం ఏ సర్క్యులర్‌లోనూ లేదు. అందుకని ప్రిన్సిపాల్ భీమశంకరం గారు అందరినీ ఎండలో నిలబెట్టి మైకు పట్టుకున్నారు.

"విద్యార్థినీ విద్యార్థులారా! మన కళాశాలలో సంఘర్షణల ఉత్పత్తి ఆశించిన స్థాయిలో లేదని తెలియజేయడానికి చింతిస్తున్నాను. సెమిస్టరు ముగింపు దశకు చేరుకున్నది. నమోదైన తగవులు పట్టుమని పది లేవు. ఇది మన సమష్టి వైఫల్యం. కావున ప్రతి ఒక్కరూ బాధ్యతగా ముందుకొచ్చి, తమతమ సన్నిహితులతో విభేదించి, సంస్థ ప్రతిష్ఠను నిలబెట్టవలసిందిగా కోరుతున్నాను."

ఎవరో అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. ఆఖరి వరసలో నిలబడ్డ వీరవేణి తల ఇంకాస్త దించుకుంది. ఆ వైఫల్యంలో తన వాటా ఎంతో ఆమెకి తెలుసు.

ఇదంతా ఆ ఏడాది కొత్తగా పెట్టిన 'పరస్పర సంభాషణా నైపుణ్యాలు' అనే పేపరు వల్ల వచ్చింది. మనుషులకి మనుషులతో మాట్లాడడం రావడం లేదని పైవాళ్ళెవరో కనిపెట్టారు. మాట్లాడడం నేర్పితే ఉద్యోగాలొస్తాయని కూడా వాళ్ళే కనిపెట్టారు. దాంతో బీఏ, బీకాం, బీఎస్సీ అని లేకుండా అందరికీ ఆ పేపరు తప్పనిసరి అయిపోయింది.

అందులో మొదటి పాఠం పలకరించడం. రెండోది వినడం. మూడోది నవ్వడం. నాలుగోది పొగడడం. వినడంలో వీరవేణికి క్లాసు ఫస్టు వచ్చింది. బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమె చేస్తున్నది ఆ ఒక్క పనే కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. నవ్వడంలో బొటాబొటీగా గట్టెక్కింది. పొగడడంలో గోడమీద ఉన్న గడియారాన్ని పొగిడి పాసైంది. ఇక మిగిలింది అయిదో పాఠం, తగవు పరిష్కారం. దానికి ప్రాక్టికల్స్ ఉన్నాయి. అందులో తప్పితే ఏడాది మొత్తం తప్పినట్టే, మళ్ళీ మొదటి సంవత్సరంలోనే కూర్చోవాలి.

పాఠం చెప్పేది డాక్టర్ ప్రియంవద మేడమ్. ఆవిడ తర్కం చాలా గట్టిది.

"కెమిస్ట్రీ ల్యాబులో సాల్టు ఇవ్వకుండా అనాలిసిస్ చేయమంటామా? అనము. మరి తగవు లేకుండా తగవు పరిష్కారానికి మార్కులెలా వేస్తాము? వేయము. కాబట్టి ప్రతి విద్యార్థీ ఒక తగవుతో రావాలి. అది నిజమైన తగవై ఉండాలి. అత్యంత సన్నిహితులతో అయ్యుండాలి. దారిన పోయేవాళ్ళతో పోట్లాడితే దాన్ని పరస్పర సంబంధం అనరు. తగవు ముదిరిన తరువాత పరీక్షకుల సమక్షంలో, మన పాఠ్యగ్రంథంలోని వాక్యాల సహాయంతో పరిష్కరించుకోవాలి."

వెనక బెంచీలో ఒకడు లేచాడు. "మాకు తగవుల్లేవు మేడమ్, మరెలాగ?"

"తగవు లేదంటే నీకు సంబంధాలే లేవని అర్థం. సున్నా."

ఆ పాఠ్యగ్రంథం గురించి ఒక ముక్క చెప్పాలి. దాన్ని ప్రియంవద మేడమూ ప్రిన్సిపాల్ గారూ కలిసి రాశారు. అట్ట మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర మాటా మాటా వచ్చి, అప్పటి నుంచి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నా మధ్యలో అటెండరు సత్తిబాబు ఉండాలి. "సత్తిబాబూ, ప్రాక్టికల్స్ ఎప్పుడో మేడమ్ గారిని అడుగు" అంటారు ఈయన. "ప్రాక్టికల్స్ ఎప్పుడో అడుగుతున్నారండి" అంటాడు సత్తిబాబు అటు తిరిగి. "శనివారమని చెప్పు" అంటారు ఆవిడ. "శనివారం అంటున్నారండి" అంటాడు ఇటు తిరిగి. ఈ సంగతి కాలేజీలో గోడలకి కూడా తెలుసు. కానీ అదెవరూ సెమిస్టరు తగవుగా నమోదు చేయలేదు.

వీరవేణికి ఉన్న సన్నిహితురాలు ఒక్కతే. నాగదుర్గ. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే వీధి. పలక పట్టినప్పటి నుంచీ ఒకే బెంచీ. నాగదుర్గ బస్సెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా నోరు మూయదు. వీరవేణి చెవులు మూయదు. ఇద్దరికీ బాగా కుదిరింది. హాజరు పిలిచేటప్పుడు వీరవేణి గొంతు పైకి రాకపోతే, "వచ్చిందండి మేడమ్, ఇదిగో ఇక్కడే ఉంది" అని నాగదుర్గే అరిచి చెబుతుంది.

సోమవారం సాయంత్రం బస్సులో ఇద్దరూ తగవుకి కూర్చున్నారు.

"తిట్టవే," అంది నాగదుర్గ.

"ఏమని?"

"అదీ నేనే చెప్పాలా? సర్లే, నేనే మొదలెడతా. నీ జడ పరమ దరిద్రంగా ఉంది."

"అవునే. అమ్మ పొద్దున్నే ఊడుపులకెళ్ళిపోయింది. నేనే అల్లుకున్నాను."

"అబ్బా, ఒప్పేసుకోకే! 'నీ మొహంలా ఉంది' అనాలి."

"నీ మొహంలా ఉంది."

"ఆ, అలాగ! ఇప్పుడు నాకు కోపం రావాలి."

"వచ్చిందా?"

"ఆగు, వస్తుంది." నాగదుర్గ కళ్ళు మూసుకుని కోపం కోసం ఎదురుచూసింది. రాలేదు. "నువ్వంత మెల్లిగా అంటే ఎలా వస్తుందే? చెవిలో రహస్యం చెప్పినట్టుంది."

కండక్టరు టిక్కెట్ల కోసం వచ్చి, "ఏంటమ్మాయిలూ, గొడవపడుతున్నారా?" అన్నాడు.

"పడట్లేదు మావయ్యా, అదే గొడవ!" అంది నాగదుర్గ.

బుధవారం మొదటి ట్రయల్. ప్రియంవద మేడమ్ ముందు ఇద్దరూ నిలబడ్డారు. నాగదుర్గ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "నా పెన్ను ఎందుకు తీశావే దొంగదానా!" అని గదంతా అదిరేలా అరిచింది. వీరవేణి కంగారుపడి సంచి తెరిచి, "ఇదిగోనే" అని ఇచ్చేసింది. నాగదుర్గకి నవ్వాగలేదు. అది చూసి వీరవేణికీ ఆగలేదు.

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది సర్దుబాటు. దీనికి మార్కులు లేవు. మీరు తగవు రాకముందే పరిష్కరించేసుకుంటున్నారు. ఇది పద్ధతికి విరుద్ధం. చదువుకోనివాళ్ళు చేసే పని ఇది."

ఆ వారం నుంచి కాలేజీలో 'సంఘర్షణానుకూల వాతావరణ కల్పన' మొదలైంది. మంచినీళ్ళ కుళాయిలు రెండుంటే ఒకటి బిగించేశారు, కొట్టుకుంటారని. పిల్లలు వరస కట్టి, ముందువాళ్ళు వెనకవాళ్ళ సీసాలు కూడా పట్టి అందించారు. ఆడపిల్లల బాత్‌రూములకి ఒకటి తప్ప అన్నిటికీ తాళాలేశారు. ఒకళ్ళకొకళ్ళు కాపలా ఉండి ఇదివరకటికంటే ఎక్కువ స్నేహంగా తయారయ్యారు. బెంచీకి అయిదుగురు కూర్చోవాలని ఆర్డరు వేస్తే ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చున్నారు. పిల్లల్లో తగవు పట్ల చిత్తశుద్ధి కొరవడిందని, పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళలో ఈ లోపం మరీ ఎక్కువగా ఉందని స్టాఫ్ మీటింగులో తీర్మానించారు.

పోయినేడు క్యాంటీన్ అద్దం బద్దలుకొట్టి సస్పెండైన కామర్సు కుర్రాళ్ళిద్దరున్నారు. వాళ్ళని శాలువాలు కప్పి తీసుకొచ్చి వెనకబడ్డవాళ్ళకి ప్రత్యేక తరగతులు చెప్పమన్నారు. కుర్రాళ్ళు మొదటిరోజు సిగ్గుపడ్డారు. రెండోరోజుకి "డియర్ స్టూడెంట్స్" అనడం నేర్చుకున్నారు. మూడోరోజున తరగతి ఎవరు ముందు చెప్పాలన్న దగ్గర ఇంకో అద్దం బద్దలైంది. దాన్ని డెమాన్‌స్ట్రేషన్ కింద లెక్క వేశారు.

అయినా లొంగనివాళ్ళ తల్లిదండ్రులకి కబుర్లు వెళ్ళాయి. వీరవేణి వాళ్ళమ్మ మహాలక్ష్మి ఊడుపులు మానుకుని, పసుపు రంగు చీర కట్టుకుని భయం భయంగా వచ్చింది.

"మీ అమ్మాయి ఎవ్వరితోనూ తగవు పడటం లేదు," అన్నారు మేడమ్.

"మంచిదేగదండీ," అంది మహాలక్ష్మి, గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకుని.

"మంచిది కాదమ్మా! ఆమెకు గృహవాతావరణంలో తగిన శిక్షణ లభించలేదు. మీ ఇంట్లో తగవులుండవా?"

"ఎందుకుండవండీ! మాయనకీ నాకూ రోజూ ఉంటాయండి."

"మరి?"

"అన్నం తినే వేళకి అయిపోతాయండి."

"చూశారా! పిల్ల చూసేలోపే ముగించేస్తున్నారు. పిల్లల భవిష్యత్తు గురించి ఆలోచించే తల్లిదండ్రులు చేసే పనేనా ఇది?"

మహాలక్ష్మి చేతులు కట్టుకుని, "ఇహ నుంచి తెల్లార్లూ పెట్టుకుంటామండి, పిల్లని ఏడాది మాత్రం పోగొట్టకండి" అని దణ్ణం పెట్టింది. ఏ తప్పూ చేయకుండా అమ్మ ఇంకొకరికి దణ్ణం పెట్టడం వీరవేణి చూడ్డం అదే మొదటిసారి.

తల్లి వెళ్ళాక మేడమ్ గొంతు తగ్గించారు. "చూడు వీరవేణీ, సన్నిహితులంటే ఎవరు? మన రహస్యాలు తెలిసినవాళ్ళు. రహస్యమే తగవుకి ముడిసరుకు. నాగదుర్గ ఎవరికీ చెప్పవద్దని నీతో చెప్పింది ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని నలుగురిలో చెప్పు. తగవు దానంతటదే వస్తుంది."

వీరవేణి నేల చూస్తూ తల అడ్డంగా ఊపింది.

"నీవల్ల ఆ అమ్మాయి సంవత్సరం కూడా పోతుంది. అది స్నేహమా?"

మేడమ్ ఆమెను పంపేసి, నాగదుర్గని పిలిపించారు. గది తలుపు మూసేశారు. నాగదుర్గ చాలాసేపటికి బయటికొచ్చింది. ఆ సాయంత్రం బస్సులో కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఊరొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఒంట్లో బాలేదేమో అనుకుంది వీరవేణి.

ఆ పై వారం శనివారం ప్రాక్టికల్స్. సెమినార్ హాలు నిండా జనం. పక్క జిల్లా నుంచి ఎక్స్‌టర్నల్ గారు వచ్చారు. రెండు జతల తగవుల్ని ఆయన అప్పటికే కొట్టేశారు, "కన్నీటిలో సహజత్వం లోపించింది" అని. మూడో జతగా వీళ్ళిద్దరినీ పిలిచారు.

నాగదుర్గ ముందుకొచ్చింది. వీరవేణి మొహంకేసి చూడలేదు. గోడమీద గడియారంకేసి చూస్తూ, గబగబా, అప్పచెప్పినట్టు చెప్పేసింది.

"వీరవేణి రోజూ తెల్లారి లేచి వాళ్ళ గేదె ముందు నిలబడి 'ప్రెజెంట్ మేడమ్, ప్రెజెంట్ మేడమ్' అని ప్రాక్టీసు చేస్తుందండి. క్లాసులో గొంతు రాదని. గేదె తలకాయ ఊపితే గట్టిగా అన్నట్టు, ఊపకపోతే మళ్ళీ అంటుంది."

హాలు పగలబడి నవ్వింది. వెనక నుంచి ఎవరో గేదెలా అరిచారు. ఇంకోడు "ప్రెజెంట్ మేడమ్" అని గేదె గొంతుతో అన్నాడు. నవ్వు మళ్ళీ లేచింది.

వీరవేణికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు రెండూ కాలిపోయాయి. ఆ మాట ఆమె ఒక్కరికే చెప్పింది, కాలవగట్టు మీద, ఒట్టు వేయించుకుని. కళ్ళమ్మట నీళ్ళు అవే కారిపోయాయి. తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు.

"శభాష్!" అన్నారు ఎక్స్‌టర్నల్ గారు కుర్చీలో ముందుకి జరిగి. "సాల్టంటే ఇదీ! కానివ్వండి, పరిష్కారం, పరిష్కారం! టైమైపోతోంది."

ప్రియంవద మేడమ్ పక్క నుంచి అందించారు. వీరవేణి పాఠ్యగ్రంథంలో ఉన్నది ఉన్నట్టు అంది. "నీ మాటల వలన నాకు బాధ అనే భావన కలిగింది."

"నీ భావనను నేను గుర్తిస్తున్నాను," అంది నాగదుర్గ గడియారంతో.

"నీ గుర్తింపును నేను అభినందిస్తున్నాను."

"మన సంబంధం మునుపటికంటే బలపడినది."

ఇద్దరూ చేతులు కలిపారు. నాగదుర్గ చెయ్యి చల్లగా ఉంది. ఫొటో తీశారు. నూటికి నూరు. కళాశాల చరిత్రలో మొట్టమొదటి సంపూర్ణ పరిష్కారం అని నోటీసు బోర్డులో పెట్టారు. ఆ రోజు సాయంత్రం బస్సులో బలపడిన సంబంధంలో ఒకతి డ్రైవరు వెనక సీట్లోనూ ఒకతి ఆఖరి సీట్లోనూ కూర్చుంది.

తర్వాత రోజుల్లో నాగదుర్గ ఒకసారి దగ్గరికొచ్చింది. "నీకోసమేనే... ఇద్దరం తప్పేవాళ్ళం కదే..." అంది. వీరవేణి లేచి వేరే బెంచీకి వెళ్ళిపోయింది. గేదె ముందు నిలబడడం కూడా మానేసింది. హాజరు పిలిచినప్పుడు గొంతు రాకపోతే, "వచ్చిందండి" అని చెప్పేవాళ్ళు లేరు. వరసగా ఆబ్సెంట్లు పడ్డాయి. మనిషి ఎదురుగా ఉన్నా, పలకలేదు కాబట్టి లేనట్టేనని రూలు.

ఇంతలో కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి తనిఖీ బృందం వస్తోందని తెలిసింది. గోడలకి సున్నాలు వేశారు. బిగించేసిన కుళాయి విప్పారు. ప్రధాన ఆకర్షణగా ఏం పెట్టాలన్న దగ్గర ప్రిన్సిపాల్ గారూ మేడమ్ గారూ సత్తిబాబు ద్వారా చర్చించుకుని, సత్తిబాబు ద్వారా ఏకాభిప్రాయానికొచ్చారు. వీరవేణీ నాగదుర్గా వేదిక మీద తమ తగవుని మళ్ళీ మొదటి నుంచీ చేసి చూపించాలి.

"ఆ గేదె భాగం కాస్త స్పష్టంగా చెప్పమ్మా, మైకులో," అన్నారు మేడమ్ నాగదుర్గతో. "చేయకపోతే పాత మార్కులు పునఃపరిశీలించవలసి ఉంటుంది."

తనిఖీ రోజున వేదిక మీద బృందం చైర్మన్ గారు మధ్యలో కూర్చున్నారు. ఆయనకి ఈ చివర ప్రిన్సిపాల్ గారు, ఆ చివర ప్రియంవద మేడమ్. కింద కాలేజీ మొత్తం, వెనక తల్లిదండ్రులు. మహాలక్ష్మి పసుపు చీరలో కనిపిస్తోంది. గేదెలా అరవడానికి వెనక వరసవాళ్ళు గొంతులు సవరించుకుంటున్నారు.

నాగదుర్గ మైకు ముందుకొచ్చింది. నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది.

"చెప్పమ్మా," అన్నారు మేడమ్.

"మర్చిపోయానండి."

"ఏమిటి మర్చిపోయావు? గేదె!"

"నాకు తెలీదండి. ఏ గేదండీ?"

మేడమ్ మొహం ఎర్రబడింది. "మార్కులు..." అని పళ్ళ సందుల్లోంచి అన్నారు. నాగదుర్గ ఈసారి గడియారంకేసి కాకుండా తిన్నగా వీరవేణి మొహంలోకి చూసింది. "తీసేసుకోండి," అని వచ్చి పక్కన నిలబడింది. అంత వాగుడుకాయ నోట అంత చిన్న మాట వీరవేణి ఎప్పుడూ వినలేదు.

హాలంతా ఎదురుచూస్తోంది. వీరవేణి మైకు దగ్గరికి నడిచింది. ఎదురుగా ఉన్న తలకాయల్నన్నిటినీ ఒకసారి చూసింది. ఊపిరి పీల్చింది.

"మాకు తగవు లేదండి," అంది.

గొంతు స్పీకర్లలోంచి గంటలా వచ్చింది. ఆమే ఉలిక్కిపడింది. కానీ ఆగలేదు.

"తగవు ప్రిన్సిపాల్ గారికీ మేడమ్ గారికీ ఉందండి. పుస్తకం అట్ట మీద పేరు కోసమండి. నిజమైన తగవేనండి, బాగా ముదిరిందండి. పరిష్కారం వాళ్ళ చేత చేయించండి, మేం చూసి నేర్చుకుంటాం."

చైర్మన్ గారి మొహం వెలిగిపోయింది. "అద్భుతం! ఆచార్యులే ఆచరించి చూపడం! ఏ సంస్థలోనూ చూడలేదు. దయచేసి ప్రారంభించండి."

రెండు మైకులు రెండు చివర్లకీ వెళ్ళాయి. ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు. మేడమ్ కళ్ళజోడు సర్దుకున్నారు. ఆయన ఆవిడకేసి చూడబోయి పూలకుండీకేసి చూశారు. ఆవిడ కూడా ఆ కుండీకేసే చూశారు. ఇద్దరూ రాసిన పుస్తకం చైర్మన్ గారి ముందు బల్ల మీదే ఉంది. అందులో వాక్యాలు ఎవరికీ గుర్తు రాలేదు. చివరికి ఇద్దరూ ఒక్కసారే పిలిచారు.

"సత్తిబాబూ!"

టీ పట్టుకొస్తున్న సత్తిబాబు ట్రే కింద పెట్టి, అలవాటు ప్రకారం వచ్చి వేదిక మధ్యలో నిలబడి, "ఏం చెప్పమంటారండి?" అన్నాడు.

ఆ నవ్వు కాలేజీ రేకులు లేచిపోయేలా లేచింది. మహాలక్ష్మి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం వీరవేణికి మైకు దగ్గర నుంచే కనిపించింది.

కాలేజీకి ఏమైనా అయిందనుకునేరు. తనిఖీ బృందం రిపోర్టులో 'మూడవ వ్యక్తి ద్వారా సంభాషణ' అన్నది వినూత్న ప్రయోగమని మెచ్చుకుని, మంచి గ్రేడే ఇచ్చింది. వచ్చే ఏడు అది ఆరో పాఠమట. ప్రాక్టికల్స్ కోసం ప్రతి ఇద్దరు విద్యార్థులకీ ఒక అటెండరు కావాలని పైకి రాశారట. ఆ హడావుడిలో మార్కుల పునఃపరిశీలన మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం బస్సులో నాగదుర్గ చాలాసేపు నిలబడే ఉంది. వీరవేణి తన పక్కనున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. నాగదుర్గ కూర్చుంది. రెండు స్టాపులు గడిచాయి. మూడో స్టాపుకి నాగదుర్గకి ఇక ఉండబట్టలేదు.

"అంత గట్టిగా ఎలా మాట్లాడేవే?"

వీరవేణి కిటికీ బయటికి చూస్తూ మెల్లిగా అంది. "ఏముంది? ఎదురుగా కూర్చున్నవాళ్ళంతా మా గేదే అనుకున్నాను."

"స్టేజీ మీదోళ్ళు కూడానా?"

"వాళ్ళు కూడా."

నాగదుర్గ తల అడ్డంగా ఊపింది.

"తప్పే," అంది. "గేదె వింటే నొచ్చుకుంటుంది."